పాట అన్నమయ్యది, మరి బాణీ ఎవరిది? తిరుపతి, చిత్తూరుల్లో ఏడు రోజులు

ఈ ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ ఫోన్‌లో ఏదైనా మ్యూజిక్ యాప్ తెరిచి ఒక అన్నమయ్య కీర్తన పెట్టండి. కింద ‘కంపోజర్’ అని ఉన్నచోట ఏముంటుంది? చాలాసార్లు ‘అన్నమాచార్య’ అనే ఉంటుంది. మాటల వరకు అది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. కానీ మీరు వింటున్న ఆ బాణీ, ఆ ఎత్తుగడ, చరణం చివర మళ్లీ పల్లవిలోకి దిగే ఆ మలుపు, అదంతా అన్నమయ్యదేనా? దాదాపు ఎప్పుడూ కాదు. మరి ఎవరిది?

ఈ ప్రశ్న పట్టుకుని నేను ఒక వారం పెట్టుకున్నాను. పొద్దున ఒక ఆల్బమ్, సాయంత్రం కుదిరితే ఒక కచేరీ. ఊరు మాదే, తిరుపతి. మధ్యలో ఒకరోజు చిత్తూరు. రోజుకొకటి చెప్పుకుంటూ పోతాను, చరిత్ర దానంతట అదే వస్తుంది.

సోమవారం ఎక్కడ మొదలుపెట్టాలో మీకూ తెలుసు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతం. 1963లో హెచ్‌ఎంవీ తెచ్చిన ఎల్‌పీ. శ్లోకాలు 15వ శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ రాసినవి, మొదటి శ్లోకం మాత్రం వాల్మీకి రామాయణం బాలకాండలోది. ఈ రికార్డు మీద వచ్చే రాయల్టీని ఎం.ఎస్. గారు టీటీడీ వేదపాఠశాలకి రాసిచ్చేశారు.

ఇక్కడ టెక్నాలజీ సంగతి ఒకటి ఉంది, నాలాంటి బీటెక్ వాళ్లకి నచ్చుతుంది. అంతకుముందు ఉన్న 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పాడుతుంది. అందులో సుప్రభాతం మొత్తం పట్టదు. ముక్కలు చేయాల్సిందే, ప్రతి మూడు నిమిషాలకీ లేచి ప్లేటు తిప్పాల్సిందే. ఎల్‌పీ వచ్చాక ఒక వైపే 20 నిమిషాలు దాటి ఆగకుండా వినొచ్చు. ఇల్లు ఊడ్చి, నీళ్లు పట్టుకుని, పొయ్యి వెలిగించేదాకా నడిచే పాట అంటే ఎల్‌పీ ఉండబట్టే సాధ్యమైంది. మా అవ్వని అడిగాను, ‘ఈ పాటకు వయసెంత ఉంటుందవ్వా?’ అని. ‘దేవుడికెంతో దానికీ అంతేరా’ అనింది. శ్లోకాలకి ఐదారు వందల ఏళ్లు. మనకి చెవుల్లో ఉన్న ఆ గొంతు, ఆ నడకకి 60 పైచిలుకు. ఈ రెండు వయసుల తేడా గుర్తుపెట్టుకోండి, ఎపిసోడ్ అంతా దాని చుట్టూనే.

మంగళవారం ఆల్బమ్ పెట్టే ముందు కొంచెం చదువుకున్నాను. అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. ఊరు తాళ్లపాక, ఇప్పటి రాజంపేట పక్కన. 32 వేల సంకీర్తనలు రాశారని ఆయన మనవడు చిన్నన్న రాసిన చరిత్ర వల్ల మనకి తెలుస్తుంది. కొడుకు పెద తిరుమలాచార్యుల హయాంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలోనే ఒక చిన్న గదిలో భద్రం చేశారు. దాన్నే సంకీర్తన భాండారం అంటారు, తాళ్లపాక అర అని కూడా అంటారు. రెండు వేలకు పైగా రేకులు. దొరికిన పాటలు 12 వేలకు పైనే.

ఆ పాటల్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఉదాహరణ చెప్తాను. మద్రాసులో కంపెనీ ఉద్యోగి ఎ.డి. క్యాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణం ఒకటి అచ్చు వేశాడు. తిరుపతి గుడిలో రాగిరేకుల మీద ఏవో గ్రంథాలున్నాయని విని, ఒక పండితుణ్ణి పంపించి చూపించాడు. ఆయనకి కావాల్సింది వ్యాకరణం, కావ్యాలు. అక్కడ ఉన్నవి చాలావరకు దేవుడి మీద పాటలే అని తేలింది. అంతే, ముందుమాటలో ఆ సంగతి రాసి ఊరుకున్నాడు. అంటే తెలుగువాళ్ల అతి పెద్ద పాటల నిధి గురించి 1816లోనే అచ్చులో ఒక మాట ఉంది. దాని వెంట వెళ్లినవాళ్లు మాత్రం 20వ శతాబ్దం దాకా లేరు.

20వ శతాబ్దంలో మహంతుల హయాంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి లాంటివాళ్లు రేకుల్ని బయటికి తెచ్చారు. తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి గారు తిరుపతిలో ఉంటూ వాటి మీద పనిచేశారు. చిన్నన్న ద్విపద అన్నమాచార్య చరిత్రని పెద్ద పీఠికతో 1949లో ప్రచురించారు. మరుసటి ఏడే, 1950లో, ఆయన పోయారు.

సరే, పాటలు దొరికాయి. పాడుకోవచ్చు కదా? అక్కడే వచ్చింది చిక్కు. రేకు మీద ప్రతి పాటకీ రాగం పేరు ఉంది. స్వరాలు లేవు. ఏ అక్షరం ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ దించాలో రాయలేదు. ‘రాగం పేరు ఉంది కదా, చాలదా?’ అంటారేమో. చాలదు. ముఖారినే తీసుకుందాం. 1550లో విజయనగరంలో రామామాత్యుడు రాసిన స్వరమేళకళానిధిలో ముఖారి మొదటి మేళం. అప్పటి లెక్కలో శుద్ధస్వరాలన్నీ ఉండేది అందులోనే, అంటే ఇవాళ్టి కనకాంగికి దగ్గర. ఇప్పుడు కచేరీలో పాడే ముఖారి ఖరహరప్రియ జన్యం. పేరు ఒకటే, రాగం వేరు. అంటే రేకు మీద ముఖారి అని చూసి నేటి ముఖారిలో పాడితే అన్నమయ్య విన్న ముఖారి మనకి దొరకదు.

మా ఐటీ భాషలో చెప్పాలంటే, సోర్స్ కోడ్ దొరికింది, దాన్ని రన్ చేసే కంపైలర్ పోయింది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం అండ పోయింది, పాడే పరంపర సన్నగిల్లింది. దక్షిణాది భజన సంప్రదాయంలో తాళ్లపాక వారి పాటలు కొన్ని గొంతుల్లో మిగిలాయి, నిజమే. కానీ 12 వేల లెక్క ముందు అవి ఏ మూలకి?

అప్పుడు వచ్చారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు. మన రాయలసీమ మనిషి, అనంతపురం జిల్లాలో 1893లో పుట్టారు. మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు చెప్పారు. కవి, విమర్శకుడు, సంగీత విద్వాంసుడు. వేటూరి వారి తర్వాత తిరుపతిలో ఆ పని అందుకున్నారు. రేకుల పాఠం చూసి సరిచేసే పండితుడూ ఆయనే, ఆ పాటకి బాణీ కట్టి స్వరపరిచే విద్వాంసుడూ ఆయనే. ఇద్దరు మనుషులు కావాల్సిన పని ఒక్కరే చేశారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. మంగళవారం సాయంత్రం ఆయన బాణీలు పాడిన పాత రికార్డింగులు విన్నాను. హడావిడి ఉండదు. మాట విరగదు. సాహిత్యం చదివితే ఎక్కడ ఊపిరి తీసుకుంటామో పాట కూడా అక్కడే ఆగుతుంది.

బుధవారం మళ్లీ ఎం.ఎస్. గారే. ఈసారి బాలాజీ పంచరత్నమాల. ఐదు ఎల్‌పీలు, అంటే పది సైడ్లు. పొద్దున రెండు, మధ్యాహ్నం నాలుగు, రాత్రి నాలుగు విన్నాను. 1970ల చివర్లో ఎం.ఎస్., సదాశివం దంపతులు డబ్బుకి ఇబ్బందిపడుతున్నారు. వచ్చిన సంపాదనంతా కచేరీల రూపంలో దానధర్మాలకే పోయింది మరి. కంచి పరమాచార్య సూచనతో టీటీడీ ఈ రికార్డుల పని తలపెట్టింది. అప్పటి ఈవో పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు ఈ కథంతా తన ‘నాహం కర్తా, హరిః కర్తా’ పుస్తకంలో రాశారు. ఊరికే సహాయం అంటే ఆమె తీసుకోరు. పాడించుకుని ఇస్తే అది గౌరవం. అందుకే ఈ దారి.

అందులోని అన్నమయ్య పాటల్ని ఎం.ఎస్. గారికి నేర్పించింది నేదునూరి కృష్ణమూర్తి గారు. తూర్పుగోదావరి మనిషి, శ్రీపాద పినాకపాణి గారి శిష్యుడు. అప్పటికే దేశమంతా తెలిసిన గాయని, 60 దాటిన వయసులో, తెలుగు పాటల్ని మాట మాటా అడిగి నేర్చుకున్నారు. నేదునూరి వారు స్వయంగా కట్టిన బాణీలూ చాలా ఉన్నాయి. ‘నానాటి బతుకు’ పాట రేవతి రాగంలో వినగానే మీకు ఏదో పురాతనమైంది విన్నట్టు ఉంటుంది కదా? అది నేదునూరి వారి బాణీ. రేవతి హిందుస్తానీలోని బైరాగికి చాలా దగ్గర, ఆ స్వరాల్లో వేదం చదివినట్టు ఒక ధోరణి ఉంది. మాటల్లోని వైరాగ్యానికి సరిగ్గా సరిపోయే రాగం వెతికి పట్టుకోవడం, అదీ ఆయన చేసిన పని. మనకి పురాతనంగా వినపడటమే దానికి సర్టిఫికెట్. కానీ ఆ సర్టిఫికెట్టే ఆయన పేరు చెరిపేసింది. బాణీ ఎంత బాగా అతికితే అంతగా ‘ఇది ఎప్పటినుంచో ఉందిలే’ అనుకుంటాం.

తిరుపతిలో పూర్ణకుంభం సర్కిల్లో ఎం.ఎస్. గారి కాంస్య విగ్రహం ఉంది, 2006లో పెట్టారు. బస్సు దిగినవాళ్లు దాని పక్కనుంచే పోతారు. ఆమెకి దక్కాల్సిన గౌరవమే అది, సందేహం లేదు. పాట నేర్పినవాళ్లని గుర్తుపెట్టుకోడానికి మాత్రం మనకి ఇంకా ఒక పద్ధతి ఏర్పడలేదు.

గురువారం కచేరీ. తిరుపతిలో ఉన్నవాళ్ల అదృష్టం ఏంటంటే అన్నమాచార్య కళామందిరం, మహతి ఆడిటోరియం లాంటిచోట్ల టీటీడీ పెట్టే కార్యక్రమాలకి టికెట్ ఉండదు. వెళ్లి కూర్చోవడమే. కళామందిరంలో ఒక అమ్మాయి పాడుతోంది. మంచి శ్రుతి, స్పష్టమైన మాట. ప్రతి పాటకీ ముందు రాగం చెప్పింది, తాళం చెప్పింది, ‘అన్నమాచార్యుల వారి రచన’ అని చెప్పింది. పక్క కుర్చీలో ఒక పెద్దాయన తొడ మీద తాళం వేస్తూ, నాలుగో పాట మొదలవగానే నా వైపు వంగారు.

‘ఇది రాళ్లపల్లి వారి వరుస నాయనా. ఆ పాప చెప్పలేదు గానీ.’

‘మీకెట్లా తెలుసు సార్?’

‘నేర్చుకున్నోళ్ల దగ్గిర విన్నా గదా. ఇప్పుడు చెప్పేవాళ్లు తక్కువైపోయినారు. ఫోన్లో విని నేర్చుకుంటే ఫోను చెప్తాదా ఎవరిదని?’

నా వారం మొత్తానికి అదే హెడ్డింగ్. ఫోను చెప్పదు.

శుక్రవారం చిత్తూరు బస్సెక్కాను. చిత్తూరు అనగానే ఇద్దరు సంగీతం మనుషులు గుర్తొస్తారు, తమాషా ఏంటంటే ఇద్దరూ చిత్తూరు టౌన్‌లో పుట్టలేదు. చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై గారిది పుంగనూరు, 1898లో పుట్టారు. కాంచీపురం నాయనాపిళ్లై శిష్యుడు, లయలో దిట్ట అనిపించుకున్న బాణీ అది. 1954లో సంగీత కళానిధి. మదురై సోము ఈయన శిష్యుడే. రెండో ఆయన చిత్తూరు నాగయ్య, పుట్టింది గుంటూరు జిల్లా రేపల్లెలో, 1904లో. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో పద్యాలు పాడి, ఊరి పేరే ఇంటిపేరుగా తెచ్చుకున్నారు. మద్రాసు వెళ్లి 1938లో గృహలక్ష్మితో సినిమాల్లోకి వచ్చారు. 1946లో త్యాగయ్య సినిమాకి దర్శకత్వం, సంగీతం, ప్రధానపాత్ర అన్నీ ఆయనే. ఇప్పుడు చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం ఉంది.

బస్సులో చెవిలో పెట్టుకుని విన్నది ఆ త్యాగయ్య పాటలే. అవి వింటుంటే అన్నమయ్యకీ త్యాగరాజుకీ ఉన్న తేడా బాగా అర్థమైంది. త్యాగరాజు 1767లో పుట్టి 1847లో పోయారు. ఆయన పాట శిష్యుల గొంతుల్లో ఆగకుండా నడిచింది. ఆ శిష్య పరంపరల్లో ఒకటి వాలాజాపేట వాళ్లది. వాలాజాపేట ఎక్కడో కాదు, పాత ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ ఉత్తర ఆర్కాటుకి హెడ్‌క్వార్టర్ మన చిత్తూరే. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ వర్గం రాసిపెట్టుకున్న ప్రతులు మదురై సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. చూడండి ఎంత చిత్రమో. అన్నమయ్యకి రాగి ఉంది, గొంతు తెగింది. త్యాగరాజుకి రాగి లేదు, తాటాకు, కాగితం, శిష్యుల గొంతు ఉన్నాయి, బాణీ మిగిలింది. రాగి కంటే గొంతు గట్టిదన్నమాట, దాన్ని ఇంకో గొంతుకి అప్పజెప్పినంత కాలం.

శనివారం కొండ. గుడి ఎదురుగా నాదనీరాజనం వేదిక. సాయంత్రం కచేరీ, ఎస్వీబీసీలో లైవ్ వస్తుంది. ఆ ఛానల్ మొదలైంది 2008లో. అక్కడ వినడం హాల్లో విన్నట్టు ఉండదు. జనం నడుస్తుంటారు, గుండ్లు కొట్టించుకున్న పిల్లలు మెట్ల మీద ఆడుతుంటారు, లడ్డూ సంచులతో వచ్చి పది నిమిషాలు కూర్చుని లేస్తారు. ఎవరూ నిశ్శబ్దంగా ఉండరు. కానీ పాట వెనక గోపురం ఉంటుంది, రేకులు చెక్కిన కాలంలో ఈ మాటలు ఇక్కడే వినపడ్డాయన్న ఊహ ఉంటుంది. మాటలు అవే, చోటు అదే, బాణీ మాత్రం ఎవరో మన తాతల కాలం మనిషి కట్టింది. నాకు ఇందులో లోటేమీ కనపడలేదు. తెగిపోయిన దాన్ని పట్టుకుని ముడేసినవాళ్లున్నారు కాబట్టే కదా ఆ సాయంత్రం అక్కడ పాట ఉంది.

ఆదివారం ఒక్క మనిషికే. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు. రాజమండ్రిలో 1948లో పుట్టారు. టీటీడీ 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు గాయకుడిగా వచ్చి 2006 దాకా అందులో పనిచేశారు, ఆస్థాన విద్వాంసుడయ్యారు. ఆ తొలిరోజుల్లోనే అన్నమయ్య పాటతో పైకొచ్చిన మరో పేరు శోభారాజు గారు, మన వాయల్పాడు ఆడపడుచు. గరిమెళ్ల వారు 600కి పైగా అన్నమయ్య పాటలకి స్వరాలు కట్టారు. ‘వినరో భాగ్యము’ మీకు వచ్చా? ఆ బాణీ ఆయనదే. పెళ్లిళ్లలో, స్కూల్ వార్షికోత్సవాల్లో, భజన గుంపుల్లో ఎంతమంది పాడి ఉంటారో లెక్కలేదు. విద్వాంసులకే కాకుండా మామూలు గొంతుకి అందేలా కట్టడం ఆయన ప్రత్యేకత. గుంపుగా పాడినా చెదరదు. 2025 మార్చి 9న తిరుపతిలో కన్నుమూశారు.

1997లో అన్నమయ్య సినిమా వచ్చింది, కీరవాణి గారికి జాతీయ అవార్డు తెచ్చింది. నా వయసువాళ్లకి ఆ క్యాసెట్ మొదటి పాఠం. అది మంచిదే. కానీ సినిమా పోస్టర్ మీద సంగీత దర్శకుడి పేరు కచ్చితంగా ఉంటుంది. 600 పాటలకి బాణీ కట్టినాయన పేరు యాప్‌లో ఉండదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. 12 వేల పాటలు, పాటకి 5 నిమిషాలు అనుకుంటే 60 వేల నిమిషాలు, అంటే వెయ్యి గంటలు. రోజుకి రెండు గంటలు వింటే 500 రోజులు. మనం మాత్రం తిప్పి తిప్పి కొన్ని పదుల పాటలే వింటాం. రేకుల్లో ఎక్కువ ఉన్నవి శృంగార సంకీర్తనలు, మన ప్లేలిస్టుల్లో తక్కువ ఉన్నవీ అవే. ఎందుకు? ఏ పాట బతకాలో మొదట బాణీ కట్టినవాళ్లు ఎంచుకున్నారు, తర్వాత రికార్డు కంపెనీ, తర్వాత కచేరీ. అన్నమయ్యని మనం విన్నది వీళ్ల చెవులతో. అందుకే వాళ్ల పేర్లు చెప్పడం మర్యాద ఒక్కటే కాదు, చరిత్ర కూడా. ఎవరు కట్టారో తెలిస్తేనే ఎందుకు అలా కట్టారో అడగగలం. అడగగలిగితేనే మిగిలిన వేల పాటలకి ఇంకోలా కట్టే ధైర్యం కొత్తవాళ్లకి వస్తుంది. ‘సంప్రదాయ బాణీ’ అని రాసేస్తే తలుపు మూసేసినట్టే.

చివరగా ఒక పని చెప్తాను, ఖర్చు లేనిది. మీ ఇంట్లో అటక మీద పాత క్యాసెట్లు ఉంటాయి. టేపు బూజుపట్టి ఉండొచ్చు, పాడకపోవచ్చు. పారేసే ముందు డబ్బాలోని ఆ మడత కాగితం తీసి చూడండి. ‘స్వరకల్పన’ అని ఒక లైను, దాని పక్కన ఒక పేరు ఉండే అవకాశం ఉంది. ఆ పాట అప్‌లోడ్ అయినప్పుడు ఊడిపోయింది సరిగ్గా ఆ లైనే. ఫోటో తీసి దాచండి. మీరు పాడేవాళ్లైతే, రాగం, తాళంతో పాటు ఆ పేరు కూడా మైకులో చెప్పండి. మూడు సెకన్లు పడుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.